ఖాళీ నేలే కాపు: ఖిదిర్‌పూర్ మేళాల్లో చేయవలసినవి, చేయకూడనివి

మేళా మైదానానికి ఏడాదిలో ఎక్కువ రోజులు పనేమీ ఉండదు. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటారు, చాకళ్ళు బట్టలు ఆరేస్తారు, సాయంత్రం ముసలివాళ్ళు వచ్చి కూర్చుంటారు. పండగ దగ్గర పడగానే రెండు మూడు రోజుల్లో అదే నేల మీద ఒక ఊరు లేస్తుంది. వీధులు, అంగళ్ళు, వంటలు, దీపాలు, యంత్రాలు, వేల మంది జనం. కానీ నిజమైన ఊరికి ఉండే పక్కా గోడలు, నీటి గొట్టాలు, దారులు తెలిసిన ఇరుగుపొరుగు ఈ ఊరికి ఉండవు. దీనికి ఉన్న రక్షణల్లో పెద్దది ఒకటే: మనుషులు తప్పుకోవడానికి, అగ్నిమాపక బండి లోపలికి రావడానికి మధ్యలో వదిలిన ఖాళీ. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ఖిదిర్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న కలకత్తా మైదానమే ఇందుకు పెద్ద ఉదాహరణ. ప్లాసీ యుద్ధం తర్వాత ఇంగ్లీషు కంపెనీ కొత్త ఫోర్ట్ విలియం కట్టుకునేటప్పుడు గోవిందపూర్ గ్రామాన్ని ఖాళీ చేయించింది. ఫిరంగుల గురికి ఏదీ అడ్డు రాకుండా చుట్టూ అడవిని కొట్టించి బయలు చేసింది. ఆ బయలే తర్వాత నగరానికి ఊపిరయింది. 1883 డిసెంబరు నుంచి 1884 మార్చి దాకా అంతర్జాతీయ ప్రదర్శన మ్యూజియం ఆవరణలో, దానికి ఆనుకున్న ఈ పచ్చికలోనే జరిగింది. 1902లో నగరంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ ఎస్ప్లనేడ్ నుంచి ఈ మైదానం మీదుగానే ఖిదిర్‌పూర్ చేరింది. 1976లో మొదలైన కలకత్తా పుస్తక మేళా కూడా చాలా ఏళ్ళు ఇక్కడే జరిగింది. 1997 ఫిబ్రవరి 3న ఆ మేళాలో అగ్నిప్రమాదం జరిగి లక్షకు పైగా పుస్తకాలు కాలిపోయాయి. 2007లో పర్యావరణ కారణాలతో హైకోర్టు అభ్యంతరం చెప్పాక మేళా మైదానం విడిచి వెళ్ళింది.

ఖిదిర్‌పూర్‌కు అంత విశాలమైన నేల లేదు. 1892లో తెరిచిన రేవు, దాని గోదాములు, డైమండ్ హార్బర్ రోడ్డు, ఫ్యాన్సీ మార్కెట్ సందులు, వీటి మధ్య మిగిలిన చిన్న చిన్న స్థలాల్లోనే పండగలన్నీ. శివరాత్రికి భూకైలాస్ రాజబాడి జంట శివాలయాల చుట్టూ, శివగంగ చెరువు గట్టు మీద మేళా జరుగుతుంది. దుర్గాపూజకు 25 పల్లి, 74 పల్లి లాంటి పేటల వీధులే మైదానాలవుతాయి. మొహర్రం ఊరేగింపులూ ఈ రోడ్ల మీదుగానే సాగుతాయి. రేవు పనికి, పక్కనే గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న రైల్వేలో కొలువుకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళు ఈ పండగలన్నిట్లోనూ ఉంటారు. దసరాకు ఊరి నుంచి అక్క కుటుంబం, బావగారి తల్లిదండ్రులు పూజ చూడ్డానికి రైలెక్కి వస్తారు. ఊళ్ళో తీర్థానికి వెళ్ళే అలవాటుతోనే ఇక్కడి జనంలోకి దిగుతారు. ఊరి తీర్థంలో తప్పిపోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంటికి చేరుస్తారు. ఇక్కడ భాష వేరు, సందులు వేరు, జనం ఎన్నో రెట్లు. ఇది రాస్తున్నది ముఖ్యంగా వాళ్ళ కోసం, వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళ కోసం.

బయలుదేరే ముందు

కాళ్ళకు పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు. జనంలో ఒక చెప్పు జారితే దాని కోసం వంగుతాం, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఫోన్ నిండా చార్జ్ చేసుకోండి. ఎక్కువ మంది చేరిన చోట నెట్‌వర్క్ సరిగా అందదు కాబట్టి ఇంటివాళ్ళ నంబర్లు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. అత్యవసరానికి 112, అగ్నిమాపక దళానికి 101, పిల్లల సహాయానికి 1098. బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్ళు ఆ పూట మాత్ర వెంట తెచ్చుకోండి. నగలు ఇంట్లో పెట్టి రండి.

వెళ్ళే వేళ విషయంలో నాది గట్టి అభిప్రాయం. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉన్న కుటుంబం సప్తమి, అష్టమి, నవమి రాత్రుళ్ళు పూజ చూడ్డానికి వెళ్ళకూడదు. తెల్లవారుజామున ఐదింటికో పొద్దున్నో వెళ్ళండి. దీపాల తళుకు కొంత తగ్గినా అమ్మవారు అమ్మవారే. మంటపం పనితనం పగటి వెలుతురులోనే బాగా కనిపిస్తుంది కూడా.

జనంలో

తొక్కిసలాటల్లో చనిపోయేవాళ్ళలో చాలామంది కాళ్ళ కింద నలిగి పోరు, నిలబడిన చోటే ఊపిరాడక పోతారు. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి పడితే ఛాతీ విచ్చుకోదు. ఛాతీ విచ్చుకోకపోతే గాలి లోపలికి పోదు. నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. చదరపు మీటరు చోటులో నలుగురు దాకా ఉంటే మన అడుగు మన ఇష్టం. ఐదారుగురు దాటితే మనం నడవం, జనమే మనల్ని మోసుకుపోతుంది. ఒకచోట పడిన తోపు ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళను కూడా కుదిపేస్తుంది. వెనకవాళ్ళకు ముందేం జరుగుతుందో కనబడదు కాబట్టి వాళ్ళు తోస్తూనే ఉంటారు.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది పోయారు. 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయం మెట్ల దగ్గర రెయిలింగు విరిగి 9 మంది పోయారు. ఖిదిర్‌పూర్‌లో ఉన్న మనవాళ్ళలో ఎందరికో చుట్టాలున్న ప్రాంతమది. రెండు చోట్లా ఇరుకైన చోటికి ఒకేసారి జనం పోగయ్యారు. ఖిదిర్‌పూర్ సందులు వాటికన్నా వెడల్పు కావు.

మీ చోటును కొలుచుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. మోచేతులు రెండు వైపులా పక్కవాళ్ళకు తగులుతూ, ముందు మనిషి వీపు మీ గుప్పిళ్ళకు ఆనుకుంటూ ఉంటే ఇక ముందుకు వెళ్ళకండి. అమ్మవారి ముఖం పది అడుగుల దూరంలో ఉన్నా సరే. అప్పటికింకా పక్కకు జరిగే వీలుంటుంది. ఐదు నిమిషాలు ఆగితే అదీ ఉండదు.

చేయవలసింది: మంటపంలోకి అడుగు పెట్టగానే బయటికి వెళ్ళే దారి ఎక్కడుందో చూడండి. లోపలికి వచ్చిన దారి కాకుండా ఇంకొకటి కూడా వెతకండి. జనం బిగుసుకుంటే ప్రవాహానికి ఎదురు తిరగకండి. జనం వెళ్ళే వైపే నడుస్తూ ఏటవాలుగా, ఒక్కో అడుగూ అంచు వైపు జరగండి. అంచున గోడో ఇనుప బారికేడో ఉంటే దానికి ఆనుకుని నిలవకండి, ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి చోటు కాపాడుకోండి. అరవకండి, ఆ గాలి మీకు కావాలి. చంటిపిల్లను చంకలో కాదు, ఛాతీకి ఎత్తుగా, ముఖం జనం తలల పైకి ఉండేలా ఎత్తుకోండి. పడిపోతే వెంటనే లేవడానికి చూడండి. లేవలేకపోతే ఎడమ పక్కకు తిరిగి ముడుచుకుని, రెండు చేతులతో తల కాపాడుకోండి. వెల్లకిలా గానీ బోర్లా గానీ పడుకోకండి.

చేయకూడనిది: ద్వారం దగ్గర సెల్ఫీకి ఆగకండి. ఒక మనిషి అరనిమిషం ఆగితే వెనక యాభైమంది ఆగుతారు. పడిపోయిన ఫోను, చెప్పు, బొమ్మ, ఏదైనా సరే వంగి తీయకండి. మనవాళ్ళు వెనక ఉండిపోయారని వెనక్కి తిరగకండి. ముందే అనుకున్న చోట కలుసుకుంటారు. "కరెంటు", "మంట", "పోలీసు" అని ఎవరో అరిస్తే మీరూ అరిచి పరిగెత్తకండి.

2015 దుర్గాపూజలో దక్షిణ కలకత్తాలోని దేశప్రియ పార్కులో 88 అడుగుల దుర్గ విగ్రహం పెట్టారు. పంచమి నాడే జనం అదుపు తప్పేలా ఉండడంతో పోలీసులు దర్శనం మూసేశారు. ఎంత మంది నిరాశపడ్డారో చెప్పనక్కర్లేదు. కానీ ఎవరి ప్రాణమూ పోలేదు. అలాంటి ప్రకటన మీరున్న చోట వినిపిస్తే వాదించకుండా వెనుదిరగండి.

రాట్నాలు

పిల్లలకు మేళా అంటే రాట్నమే. బెంగాలీలు నాగర్‌దోలా అనే చెక్క రాట్నం నుంచి జెయింట్ వీల్, కొలంబస్ పడవ, డ్రాప్ టవర్ దాకా అన్నీ వస్తాయి. పార్కుల్లో శాశ్వతంగా ఉండే యంత్రాలకు కాంక్రీటు పునాది ఉంటుంది. మేళా రాట్నాన్ని లారీలో విడిభాగాలుగా తెస్తారు, రాత్రికి రాత్రి బోల్టులు బిగిస్తారు, నెలలో రెండు మూడు ఊళ్ళు తిప్పుతారు. విప్పి బిగించిన ప్రతిసారీ అరుగుదల ఉంటుంది.

టికెట్ కొనే ముందు ఒక పూర్తి చుట్టు బయట నిలబడి చూడండి. కింది నుంచి పైకి చూడండి, పై నుంచి కిందికి కాదు. ముందుగా కాళ్ళు. ఇనుప కాళ్ళ కింద రైల్వే స్లీపర్ల లాంటి మందపాటి చెక్కలు పరిచి, వాటి మీద యంత్రాన్ని సమంగా నిలబెట్టాలి. చెక్క పూర్తిగా నేలకు ఆని ఉందా? ఒక మూల ఇటుక ముక్కలు కుక్కారా? కలకత్తా నేల ఒండ్రుమట్టి. ఆశ్విన మాసపు వానకు రెండు రోజుల్లో మెత్తబడుతుంది. పొద్దున సమంగా ఉన్న కాలు సాయంత్రానికి ఒక వైపు కుంగొచ్చు. చెక్క చుట్టూ బురద పైకి ఉబికి ఉన్నా, చక్రం తిరిగేటప్పుడు ఆ చెక్క కదులుతున్నా ఎక్కకండి. డబ్బులు ఇచ్చేసి ఉన్నా ఎక్కకండి.

తర్వాత తిప్పే మనిషి. అతని చెయ్యి స్విచ్ దగ్గర, కళ్ళు సీట్ల మీద ఉండాలి. ఫోన్ చూస్తున్నా, టికెట్లు చింపుతూ అటూ ఇటూ తిరుగుతున్నా అది మీరెక్కే యంత్రం కాదు. ఎక్కినవాళ్ళందరి ఒడి కడ్డీలనూ చేత్తో లాగి చూస్తున్నాడా? కడ్డీ కొసన చిన్న పిన్ను ఉంటుంది, కడ్డీ పైకి లేవకుండా ఆపేది అదే. దాని బదులు ఇనుప తీగ మెలిపెట్టి ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి.

2022 సెప్టెంబరు 4న పంజాబ్‌లోని మొహాలీలో జరిగిన మేళాలో డ్రాప్ టవర్ సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా కింద పడి ఎక్కినవాళ్ళు గాయపడ్డారు. 2025 జనవరిలో హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ జిల్లాలో ఒక మేళాలో రాట్నంలో జుట్టు చిక్కుకుని ఒక అమ్మాయి తీవ్రంగా గాయపడింది. మన ఇళ్ళలో ఆడపిల్లలకు పొడుగు జడ, దానికి పూలు, పట్టు పరికిణీ, ఓణీ. పండగ నాడు అవి ఉండాల్సిందే. రాట్నం ఎక్కేటప్పుడు మాత్రం జడను ముడి చుట్టి గట్టిగా కట్టండి, ఓణీనో చున్నీనో తీసి కింద ఉన్నవాళ్ళకు ఇవ్వండి. చీర కట్టుకున్నవాళ్ళు కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. లేదా కింద నిలబడి పిల్లలకు చెయ్యి ఊపండి, అదీ సరదాయే.

రాట్నం మధ్యలో ఆగిపోతే సీట్లో లేచి నిలబడకండి, కడ్డీ ఎత్తకండి, దూకకండి. మొహాలీ లాంటివి అరుదు. ఆగిన యంత్రం నుంచి దిగబోయి పడడమే ఎక్కువ. ఒడిలో పసిబిడ్డతో ఎక్కకండి. కుదుపులో బిడ్డను పట్టుకోవడానికి మీ చేతుల బలం చాలదు. ఎత్తు గీత దగ్గర పిల్లవాణ్ణి మునివేళ్ళ మీద నిలబెట్టి పంపించకండి. ఆ కడ్డీని ఎంత ఒంటి పరిమాణానికి చేశారో ఆ గీత అదే చెబుతుంది. గుండెజబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కవద్దు. వాన పడుతున్నా, గాలి పట్టుకున్నా ఎవరూ ఎక్కవద్దు.

నిప్పు, గ్యాస్, కరెంటు

2025 జూన్ 16 తెల్లవారుజామున ఖిదిర్‌పూర్‌లోని ఆర్ఫన్‌గంజ్ బజారు తగలబడింది. వెయ్యికి పైగా దుకాణాలు బూడిదయ్యాయి. పాత బజారు, దుకాణాన్ని ఆనుకుని దుకాణం, లోపల సరుకు. మేళాలో అంగళ్ళు కూడా ఇలాగే ఒకదాని వీపుకు ఒకటి ఆనించి వేస్తారు. పైగా గోడలు గుడ్డవి. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో నిప్పంటుకున్నప్పుడు సుమారు 300 స్టాళ్ళు కాలిపోయాయి. జనం బయటపడ్డారు, ఏడాదంతా ఎదురుచూసి సరుకు తెచ్చుకున్న చిరువ్యాపారులు మాత్రం ఏమీ మిగలకుండా పోగొట్టుకున్నారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన, అన్నేళ్ళ అనుభవం ఉన్న ప్రదర్శనకే అలా జరిగింది. నాలుగు రోజుల పేట మేళా తనకేమీ కాదనుకుంటే ఎలా?

అంగడి పెట్టేవాళ్ళకు: పొయ్యి ఉన్న అంగడి వరస చివర, గాలి వీచే దిక్కుకు కింది వైపున ఉండాలి. తేలేభాజా, జిలిపి, బజ్జీ కడాయిలు గుడ్డ గోడకు ఆనకుండా జరపండి. సిలిండర్‌ను నిలువుగా, పొయ్యికి దూరంగా, ఎండ తగలని చోట ఉంచండి. ట్యూబు ఐఎస్ఐ గుర్తున్నదై ఉండాలి. చీలికలున్నా బిరుసెక్కినా మార్చండి. సబ్బు నురుగు రాసి చూస్తే లీకు బుడగలై కనిపిస్తుంది, అగ్గిపుల్లతో మాత్రం చూడకండి. అదనపు సిలిండర్లు అంగడి వెనక దాచకండి. నూనె మంట మీద నీళ్ళు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను పైకప్పు దాకా చిమ్ముతుంది. వెడల్పాటి మూత పెట్టండి, గ్యాస్ కట్టేయండి. మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో రోజూ చూడండి. పిన్ను లాగి, మంట కొస మీద కాదు మొదలు మీద గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ చల్లాలి. అది కొన్ని సెకన్లలోనే ఖాళీ అవుతుంది. దాంతో ఆరకపోతే సరుకు వదిలేసి బయటపడండి.

బెలూన్ల దగ్గర ఇంకాస్త ఆగాలి. గాలిలోకి లేచే బెలూన్‌కు సురక్షితమైనది హీలియం. కానీ అది ఖరీదు. అందుకని కొందరు ఇనుప డబ్బాలో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు వేసి హైడ్రోజన్ పుట్టిస్తారు. ఆ గ్యాస్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. లోపలి వేడికి, ఒత్తిడికి డబ్బాయే పేలిపోవచ్చు. 2022లో దక్షిణ 24 పరగణాల జయనగర్ దగ్గర మేళాలో ఇలాంటి సిలిండర్ పేలి ప్రాణాలు పోయాయి. బెలూన్ అమ్మే మనిషి పక్కన తుప్పు పట్టిన, అతుకులేసిన డబ్బా కనిపిస్తే పిల్లల్ని దూరంగా తీసుకుపోండి. అతను కూడా బతుకుతెరువు కోసం ఆ ప్రమాదం పక్కనే రోజంతా నిలబడతాడు కాబట్టి కమిటీవాళ్ళకు చెప్పి దాన్ని బయటికి పంపించండి. నోటితోనో పంపుతోనో ఊదిన బెలూన్లు అమ్ముకోమనండి.

కాలితే చల్లటి పంపునీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి ఏదీ రాయకండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఒంటి మీది బట్టకు నిప్పంటుకుంటే పరిగెత్తకూడదు. ఆగి, నేల మీద పడి, దొర్లాలి. పిల్లలకు ఇంట్లో ఆటగా నేర్పండి.

కరెంటు సంగతి కలకత్తావాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 23న, పూజకు కొద్ది రోజుల ముందు, రాత్రికి రాత్రి కురిసిన వానకు నగరం మునిగి 10 మంది దాకా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది కరెంటు తగిలే పోయారు. వాన వెలిసినా నిలిచిన నీళ్ళలో దీపాల స్తంభాలను, ఇనుప గేట్లను, జనరేటర్ బండిని ముట్టుకోకండి. పిల్లల చేత ముట్టనివ్వకండి. నీళ్ళలో దారి తప్పనిసరైతే అలంకరణ దీపాలు కట్టిన వైపు వదిలి నడవండి. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకండి. ముందు మెయిన్ కట్టేయాలి, అది కుదరకపోతే ఎండు వెదురుకర్రతో నెట్టాలి. స్టాల్ వైరింగులో టేపు చుట్టిన అతుకు గడ్డి మీద పడి ఉంటే అక్కడ ప్రమాదం కాచుకుని ఉన్నట్టే. అతుకులన్నీ తలకన్నా ఎత్తున, పెట్టెలో ఉండాలి. ప్రతి వరసకూ ఎర్త్ లీకేజీ బ్రేకర్, 30 మిల్లీ ఆంపియర్లది, పెట్టించాలి. ఒక అంగడి వైరు నుంచి పక్క అంగడికి కనెక్షన్ ఇవ్వకూడదు, తెలిసినవాళ్ళయినా సరే.

పిల్లలు తప్పిపోతే

ముందే ఒక చోటు అనుకోండి. "మెయిన్ గేటు దగ్గర" అనకండి, అక్కడ అందరూ ఉంటారు. కదలనిది, ఎత్తుగా కనిపించేది చూడండి. పోలీసు సహాయ బూత్ అయితే మంచిది. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. పేరు మాత్రం చొక్కా పైన కనిపించేలా రాయకండి, పేరు పెట్టి పిలిచినవాళ్ళను పిల్లలు తొందరగా నమ్ముతారు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే పిల్లలకు ఫోటో తీయండి. ఆ రోజు వేసుకున్న బట్టలు అందులో ఉంటాయి, మైకులో చెప్పడానికి పనికొస్తాయి.

ఊరి నుంచి వచ్చిన పిల్లలకు రెండు మాటలు నేర్పండి. బెంగాలీలో "ఆమి హారియే గేఛి". హిందీలో "మై ఖో గయా", ఆడపిల్ల అయితే "ఖో గయీ". తప్పిపోయానని అర్థం. ఖిదిర్‌పూర్‌లో ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్ళు బెంగాలీలతో సమానంగా కనిపిస్తారు కాబట్టి రెండూ పనికొస్తాయి. తప్పిపోయానని తెలియగానే వెతుక్కుంటూ తిరగవద్దని, ఉన్న చోటే నిలబడి పోలీసుకో, పిల్లలు వెంట ఉన్న ఒక అమ్మకో, అంగడివాళ్ళకో చెప్పమని నేర్పండి. దొరికాక కొట్టకండి. కొడితే మరోసారి తప్పిపోయినప్పుడు భయంతో దాక్కుంటారు.

ఊరి నుంచి వచ్చిన తాతయ్య, మామ్మగార్లకూ ఇదే జాగ్రత్త కావాలి. వాళ్ళ చేతిసంచిలో మన ఇంటి చిరునామా బెంగాలీలో రాసి పెట్టండి. అడగడానికి మొహమాటపడతారని వాళ్ళు అడగకముందే పెట్టాలి.

నీళ్ళ దగ్గర

భూకైలాస్ శివగంగలో శివరాత్రికి కాళ్ళు కడుక్కునేవాళ్ళు, స్నానం చేసేవాళ్ళు పైమెట్టు దాటి దిగకండి. కిందిమెట్లు పాచి పట్టి జారుతాయి. విజయదశమి నిమజ్జనానికి హుగ్లీ ఘాట్లకు వెళ్ళేవాళ్ళు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నది సముద్రపు పోటుతో కదులుతుంది. పున్నమి, అమావాస్యల చుట్టుపక్కల రోజుల్లో "బాన్" వస్తుంది. సముద్రం వైపు నుంచి నీటి గోడలా ఒక కెరటం ఎదురు పరిగెత్తి ఘాట్ మెట్లను క్షణాల్లో ముంచేస్తుంది. పోలీసులు మైకులో బాన్ వేళ ప్రకటిస్తే ఆ వేళకు మెట్లపై ఎవరూ ఉండకూడదు, విగ్రహం సగంలో ఉన్నా సరే. 2022 అక్టోబరు 5న జల్పాయిగురి జిల్లాలో మాల్ నదిలో నిమజ్జనం వేళ హఠాత్తుగా వచ్చిన వరదకు 8 మంది కొట్టుకుపోయారు. మెట్ల మీద వెనక్కి నిలబడి దండం పెట్టుకోండి. విగ్రహాన్ని నీళ్ళలోకి దింపడం అలవాటున్న కూలీలకు వదిలేయండి.

కమిటీలో ఉన్నవాళ్ళకు

పేట పూజ కమిటీల్లో, ఉగాది, దసరా వేడుకలు చేసే మన సంఘాల్లో పనిచేసేవాళ్ళకు ఇది. మేళా భద్రత కాగితం మీద నేల పంచుకునే రోజే తేలిపోతుంది. చందాలు తక్కువొచ్చాయని ఇంకో నాలుగు స్టాళ్ళు ఇరికించాలన్న ఒత్తిడి ప్రతి కమిటీకీ ఉంటుంది. ఆ నాలుగు స్టాళ్ళూ పడేది దారిలోనే. వద్దనే మనిషి కమిటీలో ఒక్కరైనా ఉండాలి, మిగతావాళ్ళు ఆ మనిషి మాట వినాలి.

తాత్కాలిక మంటపాలకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 8758 అనే ప్రమాణాన్ని రాసి పెట్టింది. పైకప్పు ఎత్తు కనీసం 3 మీటర్లు ఉండాలి. కరెంటు తీగల కింద మంటపం కట్టకూడదు. నైలాన్ లాంటి కృత్రిమ గుడ్డలు, తాళ్ళు వాడకూడదు, అవి కరిగి మండుతూ ఒంటి మీద కారతాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమూహాల నిర్వహణకు ఒక మార్గదర్శి పుస్తకం తెచ్చింది. రెంటినీ కమిటీ కార్యదర్శి చదవాలి, డెకరేటర్‌తో ఒప్పందంలో రాయించాలి. అగ్నిమాపక శాఖ, పోలీసుల అనుమతులు, విద్యుత్ కంపెనీ నుంచి తాత్కాలిక కనెక్షన్ ఎలాగూ కావాల్సినవే. వాటిని మంటపం లేచాక కాక, వెదురు రాకముందే అడగండి.

లోపలికి ఒక దారి, బయటికి దానికన్నా వెడల్పైన ఇంకో దారి ఉంచండి. వచ్చేవాళ్ళు నెమ్మదిగా విడతలుగా వస్తారు. వెళ్ళాల్సి వచ్చినప్పుడు అందరూ ఒకేసారి వెళ్తారు. బయటి దారికి అడ్డంగా చాట్ బండి నిలవకుండా ప్రతి గంటా ఒకరు చూసి రావాలి. ఖిదిర్‌పూర్ సందులో అగ్నిమాపక బండి ఎక్కడి దాకా రాగలదో ముందే ఒక లారీ తెప్పించి నడిపించి చూడండి. ఏ మలుపులో ఆగిపోతే అక్కడి నుంచి మంటపం దాకా నీటి గొట్టం ఎంత పొడవు కావాలో తెలుస్తుంది. కరెంటు పోయినా పనిచేసే మైకు, బ్యాటరీ దీపాలు ఉంచండి. ప్రకటనలు బెంగాలీ, హిందీ, ఉర్దూల్లో చెప్పేవాళ్ళను, మన సంఘం వేడుకైతే తెలుగులో కూడా చెప్పేవాళ్ళను ముందే సిద్ధం చేయండి. పాటలు ఆపి చెప్పాలి. పాట మోగుతుండగా చెప్పిన హెచ్చరిక ఎవరికీ వినబడదు. వాలంటీర్లు బ్యాడ్జీ పెట్టుకుని వేదిక చుట్టూ నిలబడితే చాలదు. ఇద్దరు ముగ్గురు ఎత్తుగా ఉన్న చోట నిలబడి జనం ఎక్కడ చిక్కబడుతుందో చూస్తూ, గేటు దగ్గరున్నవాళ్ళకు చెబుతుండాలి. గేటు మూయమనే అధికారం వాళ్ళకుండాలి, అధ్యక్షుల వారి అనుమతి కోసం ఎదురుచూడకూడదు.

మేళా అయిపోయాక

ఈ పని చాలామంది మర్చిపోతారు. వెదుర్లు పీకిన గుంతల్లో వాననీళ్ళు నిలిచి పసివాళ్ళ మోకాళ్ళ లోతు ఉంటాయి. మేకులు, టిన్ను ముక్కలు, బల్బుల గాజు గడ్డిలో దాక్కుంటాయి. ఈ పేటల్లో పిల్లలు వట్టికాళ్ళతోనే ఫుట్‌బాల్ ఆడతారు. డెకరేటర్ లారీ వెళ్ళకముందే, పగటి వెలుతురులో, వరసగా మనుషుల్ని నిలబెట్టి నేలంతా నడిపించండి. ఇనుప ముక్కలకు తాడు కట్టిన పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి చాలు. కాగిన నూనెను, జనరేటర్ డీజిల్‌ను మట్టిలో పారబోయనివ్వకండి, డబ్బాల్లో తీసుకుపోమనండి. తాత్కాలిక వైర్లన్నీ తీసినట్టు ఎలక్ట్రీషియన్ చేత సంతకం తీసుకోండి. తీగ ఒక్కటి వదిలేసినా అందులో కరెంటు ఉండొచ్చు. మేకు గుచ్చుకున్నవాళ్ళు టెటనస్ ఇంజెక్షన్ కోసం ఆస్పత్రికి పరిగెత్తేదాకా ఆగకండి. గుంతలు మట్టితో పూడ్చి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి గట్టిపరచడం కూడా ఒప్పందంలో రాయించండి. అది అయ్యాకే డెకరేటర్‌కు మిగిలిన డబ్బు ఇవ్వండి.